సిడ్నీ రేడియో దేశమంతటిదీ ఎలా అయిందో ఆకాశవాణి చూడాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. రేడియోకి కాలం చెల్లిపోయిందని, ప్రభుత్వ డబ్బుతో దాన్ని నడపడం దండగ అని ఈమధ్య తరచూ వింటున్నాను. నేను ఆస్ట్రేలియాలో న్యూకాసిల్‌లో ఉంటాను. ఇక్కడ ప్రభుత్వ డబ్బుతో నడిచే ట్రిపుల్ జే అనే కుర్రకారు రేడియో సంగతి తెలిస్తే ఆ మాట అంత తేలిగ్గా అనరేమో అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

1975 జనవరి 19 ఉదయం 11 గంటలకు సిడ్నీలో డబుల్ జే పేరుతో ఇది మొదలైంది. నడిపేది ఏబీసీ, మనకు ఆకాశవాణి ఎలాగో ఇక్కడివాళ్ళకు అది అలాగ. గాఫ్ విట్లమ్ ప్రధానిగా ఉన్న రోజులవి, కుర్రకారు కోసం ఒక స్టేషన్ పెట్టాలనుకున్నారు గానీ చేతికిచ్చింది మాత్రం ఏఎంలో 1540 కిలోహెర్ట్జ్, ఏబీసీ దగ్గర స్పేర్‌గా ఉన్న ఒక ట్రాన్స్‌మిటర్. సిడ్నీలోనే కొన్నిచోట్ల సరిగ్గా వినపడేది కాదట. అయినా వాళ్ళ తెగువ చూడండి, మొట్టమొదట వేసిన పాటే స్కైహుక్స్ అనే ఆస్ట్రేలియా బ్యాండ్‌ది, ప్రైవేటు స్టేషన్లు వేయకూడదని పక్కన పెట్టేసిన పాట! 1980లో ఎఫ్ఎంకి మారి ట్రిపుల్ జే అయింది. 1989 నుంచి మెల్‌బోర్న్, అడిలైడ్, పెర్త్, డార్విన్ లాంటి నగరాలకు, మా న్యూకాసిల్‌కు, ఆ తర్వాత 90లలో చిన్న చిన్న ఊళ్ళకు పాకింది. ఏబీసీ రేడియోలో యాడ్స్ వేయడానికి చట్టం ఒప్పుకోదు, కాబట్టి ఇదంతా ప్రజల డబ్బే. జనం పలచగా ఉన్న ఊళ్ళకు రాక్ సంగీతం వినిపించడానికి టవర్లు వేస్తే లాభం ఎక్కడొస్తుంది, ఏ ప్రైవేటు కంపెనీ పూనుకుంటుంది చెప్పండి?

ఇదంతా గొడవ లేకుండా జరిగిపోయిందని అనను. దేశమంతటి స్టేషన్ అవుతున్న ఆ రోజుల్లోనే, 1990లో, పాతవాళ్ళని చాలామందిని తీసేశారు. మా స్టేషన్‌ని మాకు కాకుండా చేస్తున్నారని సిడ్నీ శ్రోతలు ఏబీసీ ఆఫీసు ముందు నిరసన చేశారు, టౌన్‌హాల్‌లో సభ పెట్టారు. వాళ్ళ బాధ న్యాయమైనదే. ఒక ఊరిది అందరిదీ అయ్యేటప్పుడు ఆ ఊరివాళ్ళకి ఎంతో కొంత పోతుంది, అది దాచిపెట్టి ఎదుగుదల గురించి మాత్రమే గొప్పగా చెప్పుకోవడం నాకు నచ్చదు.

అయితే నన్ను కట్టిపడేసింది ఆ తర్వాతి సంగతి. సిడ్నీలో తయారైన పాటల్ని ఊళ్ళకు పంపి ఊరుకుంటే అది పంపిణీ అవుతుంది అంతే. వీళ్ళు ఊళ్ళ నుంచి పాటలు రప్పించుకున్నారు. 1994లో ఎస్‌బీఎస్ అనే ఇక్కడి ఇంకో ప్రభుత్వ టీవీ, ట్రిపుల్ జే కలిసి కొత్త బ్యాండ్లు డెమో టేపులు పంపండని పోటీ పెడితే, మా న్యూకాసిల్ నుంచి పద్నాలుగు పదిహేనేళ్ళ ముగ్గురు కుర్రాళ్ళు ఒకటి పంపారు. అప్పుడు వాళ్ళ బ్యాండ్ పేరు ఇన్నోసెంట్ క్రిమినల్స్. గెలిచారు, ట్రిపుల్ జే స్టూడియోలో ఆ పాట బాగా రికార్డు చేసుకునే అవకాశం వచ్చింది, సిల్వర్‌చైర్ అని పేరు మార్చుకున్నారు, ఆ పాటే ఆస్ట్రేలియాలో నంబర్ వన్ అయింది. స్కూలుకెళ్ళే పిల్లలండీ! మరుసటి ఏడాది 1995లో అన్‌అర్త్‌డ్ అని ఊరూరా కొత్త బ్యాండ్ల కోసం వెతికే కార్యక్రమం పెట్టారు, లిస్మోర్ అనే చిన్న పట్టణం నుంచి గ్రిన్‌స్పూన్ అలా పైకి వచ్చింది. 2004 నుంచి ఏదో ఒక ఊళ్ళో ఉచితంగా పెద్ద కచేరీ పెట్టడం మొదలుపెట్టారు, మొదటిది విక్టోరియా రాష్ట్రంలో నాటిముక్ అనే పల్లెలో. పెద్ద పెద్ద బ్యాండ్లు అంత చిన్న ఊరికి వచ్చాయంటే అక్కడి పిల్లలకు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను, డబుల్ జే పుట్టిన 1975లోనే వలస వచ్చినవాళ్ళ భాషల కోసం సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో రెండు చిన్న రేడియో స్టేషన్లు మొదలయ్యాయి. తర్వాత అవే ఎస్‌బీఎస్ రేడియో అయ్యాయి, ఇవాళ అందులో మేం తెలుగు కార్యక్రమం వింటున్నాం. అదీ ఎక్కువగా ప్రభుత్వ డబ్బుతోనే.

ఇప్పుడు పిల్లలంతా ఫోన్లో పాటలు వింటున్నారు నిజమే, ట్రిపుల్ జేకీ ఆ టెన్షన్ ఉంది. కానీ లిస్మోర్‌లో గిటార్ పట్టుకున్న పిల్లాడి పాట ఏ యాప్ అయినా తనంతట తాను వెతికి దేశమంతా వినిపిస్తుందా? విని, ఇది బాగుంది అని ఎంచి, పదే పదే వేసే మనుషులు కావాలి, వాళ్ళకి జీతాలూ కావాలి.

మనకేమో వరంగల్, ఆదిలాబాద్, కడప, అనంతపురం, విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రాలు ఎప్పటినుంచో ఉన్నాయి. కొత్తగా టవర్లు వేయక్కర్లేదు. ఒక్కో కేంద్రం వారానికి ఒక గంట, ఆ జిల్లాలో సొంత పాటలు కట్టుకునే కుర్రాళ్ళని, కాలేజీ బ్యాండ్లని పిలిచి స్టూడియోలో రికార్డు చేసి, అదే గంట మిగతా తెలుగు కేంద్రాల్లోనూ వేయమని అడుగుతున్నాను. కడప పిల్లల పాట ఆదిలాబాద్‌లో వినపడాలి, ఆదిలాబాద్‌ది కడపలో. ఆకాశవాణి అధికారులు ఎవరైనా దీనికి మీ పేజీలోనే జవాబు రాస్తే సంతోషిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
న్యూకాసిల్, ఆస్ట్రేలియా