పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఏవీ?

అయ్యా,

మాది ప్రొద్దుటూరు. సెలవుల్లో కుటుంబంతో గోదావరికి వెళ్లి, పాపికొండలకు రోజంతా సాగే బోటు యాత్ర చేశాం. పెన్నలో ఏడాదిలో చాలా రోజులు ఇసుకే చూసే మాకు, కొండల మధ్య అంత నీళ్లు చూస్తే ఒళ్లు పులకరించింది. భోజనం బాగుంది, సిబ్బందీ మంచివాళ్లే. కానీ మా ఆరేళ్ల పాపకు ఇచ్చిన లైఫ్ జాకెట్ పెద్దవాళ్లది. భుజాల మీద నిలవడంలేదు. చిన్నది అడిగితే లేదన్నారు. సాయంత్రం ఒడ్డు చేరేదాకా టెన్షనే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఎందరో చనిపోయింది ఆ దారిలోనే కదా! పిల్లల జాకెట్లు లేని బోటును రేవు దాటనివ్వకూడదు. మా గండికోట బోటింగుకూ ఇదే నియమం పెట్టాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు, కడప జిల్లా