సరైన టైమింగ్ గుర్తు చూపించినవారికి కృతజ్ఞతలు

పాత పెట్రోల్ ట్రక్కు ఇంజిన్‌తో నేను వారాల తరబడి సతమతమవుతున్నప్పుడు, పేరైనా చెప్పకుండా దారి చూపిన ఆ మెకానిక్ గారికి హృదయపూర్వక కృతజ్ఞతలు.

స్పార్క్ సరైన క్షణంలో పడుతోందో లేదో చూపే టైమింగ్ గుర్తు, అంటే క్రాంక్ షాఫ్ట్ కొననున్న చక్రం (క్రాంక్ పుల్లీ) మీది గీత, తుప్పులో, గ్రీజులో కప్పబడిపోగా, దాన్ని వైర్ బ్రష్‌తో రుద్ది, తెల్ల రంగు నింపమన్నారు మీరు. అయితే గీత కనబడినంత మాత్రాన నమ్మరాదని, పుల్లీ లోపలి రబ్బరు పాతబడితే వెలుపలి వలయం జారి గుర్తు తప్పుడు చోట నిలుస్తుందని హెచ్చరించడమే నాకు అసలైన మేలు. బ్యాటరీ తీగ విప్పి, స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, మొదటి సిలిండర్ రంధ్రంలో పిస్టన్‌ను పైకి చేరకముందే ఆపే పిస్టన్ స్టాప్ బిగించి, క్రాంక్‌ను చేత్తో నెమ్మదిగా రెండు వైపులా ఆగేవరకు తిప్పి, ఇంజిన్ మీది కదలని పాయింటర్‌కు ఎదురుగా పడిన రెండు గుర్తుల నడిమి బిందువును కొలిస్తే, అదే నిజమైన టాప్ డెడ్ సెంటర్ (పిస్టన్ పూర్తిగా పైకి చేరే స్థానం) అని తేలింది. పాత గీత దానికి దాదాపు 10 డిగ్రీల దూరంలో ఉంది.

తరువాత ప్లగ్గులకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వాక్యూమ్ గొట్టం విప్పి, దాని కొన మూసి, ఐడిల్ వేగంలో స్పార్క్ పడినప్పుడల్లా మెరిసే టైమింగ్ లైట్ వేసి చూస్తూ, డిస్ట్రిబ్యూటర్‌ను కొద్దికొద్దిగా తిప్పి మాన్యువల్ చెప్పిన డిగ్రీకి తెచ్చాను. ఎత్తు ఎక్కేటప్పుడు వినిపించే ఆ టకటక శబ్దం ఇప్పుడు లేదు. తొందరపెట్టకుండా, చిన్నబుచ్చకుండా, చివరి బోల్టు బిగించేదాకా ఓపికగా తోడు నిలిచిన మీకు రుణపడి ఉంటాను.