మాజీ సైనికుడికి రెండు లైన్లేనా?

సంపాదకుడు గారికి,

డిసెంబరులో మీ జిల్లా పేజీలో ‘కొబ్బరి వ్యాపారి మృతి’ అని ఒక చిన్న వార్త వచ్చింది. రెండే వాక్యాలు. అందులో రెండోది ‘గతంలో వైమానిక దళంలో గుమాస్తాగా పనిచేశారు’ అని. ఆ రోజే రాయాలనుకున్నాను. పెద్ద కర్మ అయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉండాల్సి వచ్చింది. ఆ తర్వాత వాళ్ల కాగితాల పని మీద తిరగడంతో సరిపోయింది. ఇప్పటికి కూర్చున్నాను. ఆయన వైమానిక దళంలో ఒక్క రోజు కూడా లేరు. గుమాస్తా అంతకన్నా కాదు. ఊళ్లో ఎవరికి ఫోన్ చేసి అడిగినా ఈ మాట చెప్పేవారు.

అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో ఆయన అసలు పేరు చాలామందికి తెలియదు. ‘మిలటరీ ఆయన’ అంటేనే తెలుస్తుంది. వరసకి నాకు మావయ్య. 1940లో పుట్టి 85 ఏళ్లు బతికారు. చైనా యుద్ధం తర్వాత సైన్యంలోకి మనుషుల్ని పెద్దఎత్తున తీసుకుంటున్న రోజుల్లో, 1962 చివర్లో చేరారు. బెంగళూరులో మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, మద్రాస్ సాపర్స్ అంటారే, అక్కడ శిక్షణ. అక్కడి జవాన్లని ‘తంబీ’ అని పిలుస్తారు. ఈయన చివరిదాకా మనవల్నీ, కాయలు ఒలిచే కార్మికుల్నీ కూడా తంబీ అనే పిలిచారు. వంతెనలు వేయడం, మందుపాతరలు తీయడం వాళ్ల పని. వీళ్లు ముందు వెళ్లి దారి చేస్తేగానీ వెనక ట్యాంకులు కదలవు.

1971 డిసెంబరులో పాకిస్తాన్ సరిహద్దున షకర్‌గఢ్ సెక్టార్‌లో బసంతర్ నది దగ్గర జరిగిన యుద్ధంలో ఆయన ఉన్నారు. 21 ఏళ్ల సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ ప్రాణాలిచ్చి పరమవీర చక్ర పొందింది అక్కడే. ఆ ట్యాంకులు వెళ్లడానికి రాత్రిపూట మందుపాతరల మధ్య దారి తీసిన సాపర్లలో మా మావయ్య ఒకరు. ఆ పని ఎలా చేస్తారని ఓసారి అడిగాను. గోనె సంచులు కుట్టే దబ్బనం తీసుకుని, అరుగు కింద పోసి ఉన్న కొబ్బరి పొట్టు మీద బోర్లా పడుకున్నారు. అప్పటికి ఆయనకు 70 దాటాయి. దబ్బనాన్ని ఏటవాలుగా పట్టుకుని మెల్లగా గుచ్చుతూ, “నిలువునా గుచ్చకూడదు తంబీ, పైన నొక్కుడు పడితే పేలిపోద్ది. పక్కనించి తగలాలి. తగిలిందంటే చెయ్యి ఆగిపోవాలి” అన్నారు. లేచి పొట్టు దులుపుకుని మళ్లీ లెక్కల పుస్తకం ముందు కూర్చున్నారు. యుద్ధం గురించి ఆయన నోటినుంచి నేను విన్నది దాదాపు అంతే.

1978లో ఇంటికొచ్చాక మొదట ఆయనే గునపం పాతుకుని కాయలు ఒలిచారు. తర్వాత తోటలు పాటకు తీసుకుని కాయల దింపు తీయించారు. ఆ తర్వాత కురిడీ, అంటే కాయలోనే ఎండిన కొబ్బరి, దాని వ్యాపారం. అటక మీద తొమ్మిది పది నెలలు కాయ ఎండాలి, అన్నాళ్లూ పెట్టుబడి అక్కడే ఉండాలి. చెవి దగ్గర పెట్టుకుని ఆడించి ఇది ‘గండేరా’ రకం, ఇది ‘గటగట’ రకం అని వేరుచేసేవారు. మన కొబ్బరి వెళ్లేది ఉత్తరాదికి. అక్కడి సేఠ్‌లతో బేరం చేయడానికి సైన్యంలో నేర్చుకున్న హిందీ ఆయనకు అక్కరకొచ్చింది. మధ్యవర్తి లేకుండా నేరుగా మాట్లాడి, వెయ్యి కాయలకి ఎంత పలికిందో అదే ధర రైతుకి చెప్పి, తన కమీషన్ ఇంత అని ఎదురుగా రాసి చూపించేవారు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ రైతులెవరూ మర్చిపోలేరు. తెల్లారేసరికి తోటలకు తోటలు నేలమట్టం. మళ్లీ మొక్క నాటితే కాపు కోసం ఏళ్ల తరబడి ఆగాలి. అప్పటికి మావయ్య చాలామంది రైతులకి దింపు మీద ముందే డబ్బు ఇచ్చి ఉన్నారు. ఆ పుస్తకం నేను చూశాను. పద్దు పక్కన ఎర్ర సిరాతో ‘తుపాను’ అని రాసి గీత కొట్టేశారు. మూడు పేజీలు అలాగే ఉన్నాయి. ఒక్కరినీ బాకీ అడగలేదు. ఆ ఏడాది పెద్దమ్మాయి పెళ్లి వాయిదా పడింది. ముగ్గురు ఆడపిల్లల్నీ, కొడుకునీ డిగ్రీల దాకా చదివించారు. ఆయన సరిహద్దులో ఉన్న 16 ఏళ్లూ ఆ ఇంటిని, అత్తమామల్ని ఒంటిచేత్తో నెట్టుకొచ్చింది మా అత్తయ్య.

ఇలాంటి మనిషి పెన్షన్ కోసం ప్రతి నవంబరులో తాను బతికే ఉన్నానని కౌంటర్ ముందు నిలబడి నిరూపించుకోవాల్సి వచ్చేది. గునపం మీద కాయలు ఒలిచి, పీచు రాపిడికి వేలిముద్రలు అరిగిపోయాయి. మిషన్ మీద వేలు పెడితే పడదు. “తాతా, చెయ్యి కడుక్కుని రా.” కడుక్కొస్తే, “సర్వర్ లేదు, రేపు రా.” 83 ఏళ్ల వయసులో ఒక్క సర్టిఫికెట్ కోసం నాలుగుసార్లు ఆటో కట్టించుకుని తిరిగారు. నాలుగోసారి నేనే తీసుకెళ్లాను. ముఖం చూసి ధ్రువీకరించే పద్ధతి 2021లోనే వచ్చింది, ఫోన్లోనే అవుతుంది. కౌంటర్లో కూర్చున్నవాళ్లు ఒక్కరూ ఆ ముక్క చెప్పలేదు. వాళ్లకే తెలియదో, చెప్పే ఓపిక లేదో. మందుపాతర మీద చెయ్యి వణకని మనిషి ఆ మిషన్ ముందు టెన్షన్‌తో చెమటలు కక్కడం నా కళ్లతో చూశాను.

ఇప్పుడు ఆ బాధ అత్తయ్య వంతయింది. కుటుంబ పెన్షన్ కోసం వెళితే, సైన్యం ఇచ్చిన డిశ్చార్జి పుస్తకంలో ఆమె పేరుకీ ఆధార్‌లో పేరుకీ ఒక అక్షరం తేడా ఉందన్నారు. పెళ్లయిన కొత్తలో ఎవరో హిందీ గుమాస్తా విన్నట్టు రాసుకున్న పేరు అది. అఫిడవిట్ అన్నారు, ఇచ్చాం. సరిపోదు, పేపర్ ప్రకటన కావాలన్నారు. అదీ వేయించాం. ఫైలు పైకి పంపామన్నారు. పై అంటే ఏ ఊరో అడిగితే చెప్పరు. సంక్రాంతి తర్వాత రమ్మన్నారు. 80 ఏళ్లకు దగ్గరపడిన మనిషి ఎన్ని సంక్రాంతుల తర్వాత వెళ్లాలి?

ఆయన పోయిన రోజు కబురు పంపినా ఒక్క అధికారి గుమ్మం తొక్కలేదు. నాయకుడి పుట్టినరోజుకి మా సెంటర్లో నాలుగు ఫ్లెక్సీలు కడతారు, ఆ రోజు ఉద్యోగులంతా కేకు దగ్గరే ఉంటారు. ఆగస్టు 15న స్కూల్లో జెండా ఎగరేసేటప్పుడు ఈయన మెడల్స్ పెట్టుకుని పిల్లల వెనక ఎండలో నిలబడేవారు. అతిథులు వచ్చేదాకా, గంట ఆలస్యమైనా, కూర్చునేవారు కాదు. నేను ఆ స్కూల్లోనే పనిచేశాను. ఆయనకు ఒక కుర్చీ వేయించలేదు. ఆ తప్పు నాది కూడా.

మా చుట్టుపక్కల ఊళ్లలో 1965, 71 యుద్ధాలు చూసినవాళ్లు ఇంకా కొందరు ఉన్నారు. అందరూ 75 దాటినవాళ్లే. వాళ్లు బతికుండగానే మండలానికి ఒక రోజు పెట్టి, ఒక బల్ల, ఒక కంప్యూటర్, పని తెలిసిన ఒక ఉద్యోగిని కూర్చోబెట్టి డిశ్చార్జి పుస్తకాల్లో భార్యల పేర్లు, పుట్టిన తేదీలు ఆధార్‌తో సరిచూడమని కోరుతున్నాను. ఈ జనవరి 26న ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు ఆ తేదీ ప్రకటిస్తే చాలు.

మిమ్మల్ని కోరేది ఒకటే. మీరు వేసిన ఆ చిన్న ముక్కని కత్తిరించి అత్తయ్య ఆయన ఫొటో వెనక దాచుకుంది. ఆమెకు చదువు రాదు. నన్ను చదివి వినిపించమంది. ‘వైమానిక దళంలో గుమాస్తా’ అన్న చోట నేను ‘మద్రాస్ సాపర్స్’ అని చదివాను. మీరు సరిగ్గా అచ్చు వేస్తే ఆ ముక్క తీసేసి ఇది పెడతాను.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అంబాజీపేట మండలం, కోనసీమ