రాత్రి ట్రిప్పులు తీసేస్తే నష్టం తగ్గదు

బెంగళూరు నగర రవాణా సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
మారతహళ్లి, కేఆర్ పురం వైపు ఉంటున్న తెలుగు ప్రయాణికులం రాస్తున్నది.

నష్టాల పేరుతో ముందు కోత పడేది రాత్రి ఆఖరి ట్రిప్పులకే. 20 కిలోమీటర్ల ట్రిప్పు ఆపితే, లీటరుకు 4 కిలోమీటర్ల లెక్కన, మిగిలేది 5 లీటర్ల డీజిలు, కాస్త టైరు అరుగుదల. డ్రైవరు జీతం, డిపో ఖర్చు, అప్పు మీద వడ్డీ ఎక్కడికీ పోవు. పైగా తొమ్మిదిన్నరకు తిరుగు బస్సు ఉండదని తెలిసినవాడు పొద్దున్నే బండి తీస్తాడు. పోయింది ఒక టికెట్ కాదండీ, రెండు.

కిలోమీటరు లెక్కన అద్దెకు తెచ్చిన ఎలక్ట్రిక్ బస్సుల సంగతి ఇంకా చిత్రం. ఒప్పందంలో ఖాయం చేసిన కిలోమీటర్లు తిప్పకపోయినా డబ్బు కట్టాల్సి రావచ్చు. వాటిని డిపోలో నిలబెట్టడం పొదుపెలా అవుతుంది?

కోయాల్సింది ఖాళీ పరుగులను. డిపో నుంచి మొదటి స్టాపు దాకా జనం లేకుండా తిరిగే దూరం అది. రాత్రి బస్సును రూటు చివరే నిలిపితే చాలావరకు తగ్గుతుంది. కాకపోతే అక్కడ సిబ్బందికి పడుకునే గది, నీళ్లు, మరుగుదొడ్డి ఉండాలి.

2025 జనవరిలో ఛార్జీలు 15 శాతం పెరిగాయి, కట్టాం. మహిళలకు ఉచిత ప్రయాణమిచ్చే శక్తి పథకం కింద కొట్టే సున్నా టికెట్ల సొమ్ము ప్రభుత్వం నుంచి ఎంత వచ్చిందో, ఎంత రావాలో నెలనెలా ప్రకటించండి. రద్దయిన ప్రతి ట్రిప్పు పక్కన కారణం రాయించండి: బస్సు లేకా, డ్రైవరు లేకా, ట్రాఫిక్కా?