ఏప్రిల్ 12 విశేషాలు

అందరికీ నమస్కారం. ఏప్రిల్ 12 అనగానే మనకు అంతరిక్షంలోకి వెళ్లిన తొలి మనిషి గగారిన్ గుర్తొస్తాడు. 1961లో 108 నిమిషాల ప్రయాణంలో భూమిని ఒక చుట్టు చుట్టి వచ్చాడు. దిగేటప్పుడు నౌకలో లేడు. ఏడు కిలోమీటర్ల ఎత్తులో బయటికొచ్చి, తన పారాచూట్‌తో విడిగా దిగాడు. నారింజ రంగు సూట్, తెల్ల హెల్మెట్‌తో పొలంలో నడిచొస్తుంటే అక్కడున్న ఓ రైతు మహిళ, ఆమె మనవరాలు హడలిపోయారట.

నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం వేరే సంగతి. 1945లో ఇదే రోజున అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ చనిపోయారు. 39 ఏళ్ల వయసులో ఆయన కాళ్లు చచ్చుబడ్డాయి, పోలియో అన్నారు డాక్టర్లు. 1938లో ఆయన పెట్టిన ఫౌండేషన్‌కు సామాన్య జనం చిల్లర నాణేలు పోస్టులో పంపేవారు. జోనాస్ సాల్క్ పోలియో టీకా పరిశోధనకు ఆ ఫౌండేషనే డబ్బిచ్చింది. సుమారు 18 లక్షల మంది పిల్లలు పాల్గొన్న ట్రయల్ ఫలితాలను 1955లో మిషిగన్ యూనివర్సిటీలో ప్రకటించారు. టీకా సురక్షితం, పనిచేస్తోంది అన్నారు. ఆ తేదీ కూడా ఏప్రిల్ 12, రూజ్‌వెల్ట్ పోయి సరిగ్గా పదేళ్లు! ఆ టీకాతో పోలియో తప్పించుకున్న పిల్లల్ని ఆయన చూడలేకపోయారే అనిపిస్తుంది.

1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలైందీ ఈ రోజే.

1981లో తొలి స్పేస్ షటిల్ కొలంబియా ఎగిరింది కూడా ఇదే తేదీన. గగారిన్ ఇరవయ్యో వార్షికోత్సవమని ముహూర్తం పెట్టారనుకోకండి. 10నే ఎగరాల్సింది, కంప్యూటర్ల మధ్య టైమింగ్ కుదరక రెండు రోజులు వాయిదా పడింది.

ఇదే తేదీన జరిగినవి మీకు ఇంకేమైనా తెలిస్తే, సంవత్సరంతో సహా గ్రూప్‌లో పెట్టండి.