బ్లాక్‌హోప్ స్కార్‌కి వెళ్లేముందు

అమలాపురం

అమ్మలూ,

జూన్‌లో స్కాట్లాండ్‌లోని ఆ బ్లాక్‌హోప్ స్కార్ కొండకి ఒక్కదానివే వెళ్తానన్నావని అమ్మ చెప్పింది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. వద్దనను. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

651 మీటర్లేగా అనుకోకు. ఎడిన్‌బరా దక్షిణాన ఆ మూర్‌ఫుట్ కొండల్లో ఇబ్బందంతా నేలతోనే. గంటకి 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకీ ఇంకో గంట అని 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు లెక్క కట్టాడు. దారి లేని ఆ పైభాగంలో దానికి రెట్టింపు వేసుకో.

నీ తొమ్మిదో ఏట అక్కడ నేను చేసిన తప్పు గుర్తుందా? ఎదురుగా లేతపచ్చగా, పరుపులా కనిపించింది. వరిచేలో పెరిగినవాణ్ణి, బురద నాకేం కొత్త అని అడుగేశాను. తొడదాకా దిగిపోయాను. మన ఊడ్పుల చేలో ఎంత దిగినా అడుగున గట్టినేల తగులుతుంది. అక్కడ తగల్లేదు. నువ్వు ఏడవకుండా బోర్లా పడుకుని నీ కర్ర అందించావు. దాన్ని బిగించి పట్టుకున్న ఆ చిన్న వేళ్లు ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి.

ఆ పచ్చదనం స్ఫాగ్నమ్ నాచు. తన ఎండు బరువుకి ఇరవై రెట్ల దాకా నీళ్లు పట్టి ఉంచగలదు. ఎంత మెరిస్తే అంత తడి అనుకో. పత్తికాయ పగిలినట్టు తెల్ల కుచ్చులు ఊగే చోటా అంతే. గోధుమరంగు హెదర్ పొదల మీదుగా నడువు, చుట్టూ తిరగాల్సొచ్చినా సరే. కాలు దిగితే నిలువునా లాగకు. మడమ అటూ ఇటూ ఆడించి, సందులో గాలి దూరాక మెల్లగా తియ్యి. ఇది చేలో మా అమ్మ నాకు నేర్పింది.

పైన నల్లటి పీట్ గట్లు, అంటే సగం కుళ్లిన నాచూ మొక్కలూ పేరుకున్న మట్టి గట్లు, నీ భుజం ఎత్తున ఉంటాయి. ఆ పీట్ ఏడాదికి సుమారు ఒక్క మిల్లీమీటరే పేరుకుంటుంది. అంటే నీ భుజం దగ్గర నుంచి పాదం దాకా వెయ్యేళ్లకు పైమాటే. ఒకసారి అరచెయ్యి ఆనించి చూడు, చల్లగా, వెన్నలా ఉంటుంది. అంచులు మాత్రం తొక్కి విరగ్గొట్టకమ్మా.

మబ్బు దిగితే శిఖరం దగ్గరున్న కంచె వదలకు. మ్యాప్, దిక్సూచి జేబులోనే ఉండాలి, ఫోన్‌ని నమ్ముకోవద్దు. ఎవరైనా అడుగుతారేమోనని టెన్షన్ పడకు, స్కాట్లాండ్ 2003 భూసంస్కరణ చట్టం ప్రకారం బాధ్యతగా నడిచేవాళ్లకి అక్కడ హక్కుంది.

పైన కాసేపు ఊరికే కూర్చో. గోల్డెన్ ప్లోవర్ పిట్ట సన్నగా ఒక్క ఈల వేసి ఊరుకుంటుంది. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం కోసమే నేను అన్నిసార్లు వెళ్లేవాణ్ణి.

ఆ కర్ర నీ దగ్గరే ఉందిగా, పట్టుకెళ్లు. దిగాక మెసేజ్ పెట్టు. ఇక్కడ అర్ధరాత్రయినా మేలుకునే ఉంటాను.

నాన్న