కోడలి వాళ్ళ సెన్సస్ పేజీలు, మన నీరుగంటి మాన్యం

చి. కిరణ్‌కి,

నాన్న ఆశీస్సులు. కోడలి పూర్వీకులున్న ఇంగ్లండ్ లెస్టర్ సెన్సస్ (జనాభా లెక్కల) పేజీలు నువ్వు పంపావుగా, ఫోన్‌లో చూడలేక ప్రింట్ తీయించాను. తాలూకాఫీసు రికార్డు రూములో ఉద్యోగం చేసినవాడి చేతికి ఇలాంటి కాగితాలిస్తే అన్నం కూడా గుర్తుండదని మీ అమ్మ సణుగుతోంది. ఆ దేశపు లెక్కల సంగతి కొంత చదివాకే రాస్తున్నాను.

ముందు 1841 పేజీ. దేశంలో అందరినీ పేర్లతో రాయించిన మొదటి లెక్క అక్కడ అదే. పొట్టి రాతలు వాడొచ్చని ఎన్యూమరేటర్లకి, అంటే ఆ లెక్క రాసేవాళ్ళకి, పైనుంచే చెప్పారు. 'ఏజీ ల్యాబ్' అంటే వ్యవసాయ కూలీ, ప్రయోగశాల అనుకునేవు! 'ఎఫ్.ఎస్.' అంటే పనిమనిషి. 'ఇండ్' అని ఉంటే ఇండియా అని సంబరపడకు, సొంత రాబడి మీద బతికేవాళ్ళని అర్థం. తర్వాతి లెక్కల్లో ఆరేళ్ళ పిల్లాడి పక్కన 'స్కాలర్' అని కనిపిస్తుంది. వాడు బడికి వెళ్తున్నాడని, అంతే. వయసుల్ని మాత్రం పూర్తిగా నమ్మకు. పదిహేను దాటినవాళ్ళకి ఐదేళ్ళ లెక్కన కిందికి దించి రాయమన్నారు. 35 అని ఉన్న మనిషికి నిజంగా 39 ఉండొచ్చు.

కోడలి పూర్వీకుడి పక్కన ఉన్న 'ఎఫ్.డబ్ల్యు.కె.' గురించే నువ్వు ఎక్కువ తల పట్టుకున్నావు. అది ఫ్రేమ్‌వర్క్ నిట్టర్, మేజోళ్ళు అల్లే మర మీద పనిచేసేవాడు. ఆ మరని 1589లో నాటింగ్‌హామ్ దగ్గరి కాల్వర్టన్‌కి చెందిన విలియం లీ కనిపెట్టాడంటారు. లెస్టర్, నాటింగ్‌హామ్, డెర్బీ చుట్టుపక్కల చాలా ఊళ్ళు దాని మీదే బతికాయి. మర మాత్రం చాలామందికి సొంతం కాదు. వ్యాపారి దగ్గర అద్దెకి తెచ్చుకోవాలి, నూలు కూడా అతనే ఇస్తాడు, అల్లినదానికి ఇచ్చే కూలిలోంచే అద్దె కోసుకుంటాడు. పని దొరకని వారం కూడా అద్దె తప్పేది కాదు. మన దగ్గర మాస్టర్ వీవర్ కింద మజూరీకి నేసేవాళ్ళని చూశావుగా, నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఇంట్లో భార్య అని మనం అనుకుంటున్నావిడ పేరు పక్కన ఏముందో మళ్ళీ చూడు. ఖాళీ. మర మీద అల్లినది చదునుగా వస్తుంది, అంచులు కలిపి కుడితేనే మేజోడు అవుతుంది. ఆ కుట్టుపని ఎక్కువగా ఆడవాళ్ళదే. బాబిన్‌లకి నూలు చుట్టేది పిల్లలు. కానీ భార్యలూ, జీతం లేకుండా తల్లిదండ్రులకి సాయపడే పిల్లలూ చేసే పని రాయక్కర్లేదని 1841లో ఆదేశం. ఆ గడి ఖాళీగా ఉందని ఆవిడ ఊరికే కూర్చుందనుకోకూడదురా. రెండో ప్రపంచయుద్ధం మొదట్లో అక్కడి జనం పేర్లు రాసిన 1939 రిజిస్టర్‌కి వచ్చేసరికి చాలామంది గృహిణుల పక్కన 'జీతం లేని ఇంటిపనులు' అని రాశారు. నాకైతే ఖాళీ గడే కాస్త మర్యాదగా అనిపించింది!

మన దగ్గరా ఇదే తంతు. పోచంపల్లి చీరకి చేత్తో ఆసు పోసింది, అంటే నేతకి ముందు నూలుని మేకుల చుట్టూ తిప్పి చుట్టింది, ఆడవాళ్ళు. చింతకింది మల్లేశం వాళ్ళమ్మ భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం చేసేదాకా ఆ కష్టం బయటివాళ్ళకి పెద్దగా తెలియలేదు.

మన వైపు కూడా ఇలాంటి పేజీ పంపమన్నావు. అది దొరకదు. ఇక్కడి జనాభా లెక్కల్లో మొత్తాలే అచ్చవుతాయి, ఇంటింటి వివరాలు ఎవరికీ చూపించకూడదని 1948 సెన్సస్ చట్టం చెబుతోంది. మన పెద్దవాళ్ళు కనిపించేది భూమి కాగితాల్లో. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి, ఏ మాన్యం (పన్ను మినహాయించిన భూమి) ఎవరికి, దేనికిచ్చారో విచారించి రిజిస్టర్లు రాయించింది. మన ఊరి ఎంట్రీలో మా ముత్తాత పేరు పక్కన 'నీరుగంటి' అని ఉంది. చెరువు తూము తీసి, ఆయకట్టు మడులకి వంతుల ప్రకారం నీళ్ళు పెట్టేవాడన్నమాట. ఏడాది పొడుగునా ఆయన చేసింది అదొక్కటేనా? చెరువు ఎండితే ఏం పంచుతాడు? సేద్యం చేశాడు, గొర్రెలు మేపాడు, మా నాయనమ్మ చెప్పేది. సర్కారుకి కావలసింది ఆ భూమి మీద పన్ను ఎందుకు మినహాయించారన్నది, అందుకే ఆ పని ఒక్కటే రాసుకుంది. ఆయన తమ్ముడికి మాన్యం లేదు, రిజిస్టర్లో ఆయనే లేడు.

కాబట్టి కోడలికి చెప్పు, వంశవృక్షంలో రికార్డులో ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో రాయమను. మనం ఊహించింది పక్క గడిలో, వేరే రంగు సిరాతో రాయమను. రెండూ కలిపేస్తే మన మనవలు విడదీయలేరు.

1841 పేజీలో ఎవరు ఎవరికి ఏమవుతారో ఉండదు. ఆ ఇంట్లో రెండో ఆడమనిషి చెల్లెలో, పెద్ద కూతురో నాకు తేలలేదు. 1851 పేజీలో ఇంటి యజమానికి వరస, పుట్టిన ఊరు రెండూ రాస్తారు. అది దొరికితే పంపించు, ఈసారి కాస్త పెద్ద సైజులో.

ఇట్లు,
నాన్న